ఇల్లు చూపించేది పగలు, పడుకోవాల్సింది రాత్రి

సంపాదకులకు నమస్కారం.

మీ పేపర్లో వచ్చే అద్దె ఇళ్ల ప్రకటనలు ఒక్కటి కూడా వదలకుండా చదువుతాను, నాలుగేళ్లలో మూడు ఇళ్లు మారినదాన్ని మరి. సింగిల్ బెడ్‌రూమ్ అంటే చాలు, ‘సిటీ నడిబొడ్డున, అన్నీ నడిచి వెళ్లే దూరంలోనే’ అని ఉంటుంది. అబద్ధమేం కాదు. ఇప్పుడు నేనుంటున్నది అలాంటి చోటే. కిందకి దిగితే మందుల షాపు, రెండు నిమిషాల్లో మెట్రో. ఆఫీసు నుంచి రాత్రి పదకొండింటికి వచ్చినా వీధిలో మనుషులుంటారు, అదెంత ధైర్యమో ఒంటరిగా ఉండే ఆడవాళ్లకే తెలుసు.

కానీ బ్రోకర్ నాకు ఇల్లు చూపించింది మంగళవారం పొద్దున. అప్పుడా వీధిలో చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది. చేరింది శుక్రవారం. రాత్రి పది దాటాక కింద బార్‌లో పాటలు మొదలయ్యాయి. పాట వినపడదు, దరువు మాత్రం గోడలోంచి వస్తుంది, కిటికీ గట్టు మీద పెట్టిన గ్లాసులో నీళ్లు దానికి వణుకుతున్నాయి. ఒంటిగంటకి ఆపేశారు, హమ్మయ్య అనుకున్నా. ఒకటిన్నరకి ఖాళీ సీసాలన్నీ డ్రమ్ములో గుమ్మరించారు.

ఫోన్లో చప్పుడు కొలిచే యాప్ పెట్టి చూస్తే మంచం దగ్గర 52 డెసిబెల్స్ (ఫోన్ లెక్క పక్కా కాదనుకోండి). నిద్ర చెడకుండా ఉండాలంటే పడకగదిలో ఆగకుండా వచ్చే శబ్దం 30 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి చప్పుడు దాదాపు రెట్టింపు అనిపిస్తుందట, ఇక నా సంగతి మీరే లెక్కేసుకోండి. మందపాటి కర్టెన్లు కొన్నాను, డబ్బు దండగ. కర్టెన్ గదిలో ప్రతిధ్వని తగ్గిస్తుందేమో గానీ గోడ దాటి వచ్చే దరువుని ఆపలేదు. కిటికీ ఫ్రేమ్ చుట్టూ సందుల్లో రబ్బరు పట్టీ అంటించాక కింద మాటలు వినపడటం తగ్గింది, దరువు మాత్రం అలాగే ఉంది. చివరికి మంచం వెనకవైపు హాల్లోకి లాగేశాను. బెడ్‌రూమ్‌లో బట్టలు ఆరేస్తున్నా.

ఓనర్‌గారిని అడిగితే “సెంటర్లో ఇల్లు కావాలంటారు, మళ్లీ చప్పుడు వద్దంటారు” అన్నారు. ఆయన మాటా కాదనలేను. కానీ ముందే చెప్పి ఉంటే అదే బిల్డింగ్‌లో వెనక ఫ్లాట్ తీసుకునేదాన్ని కదా, అప్పటికి అదీ ఖాళీగానే ఉంది! ఇప్పుడు గడువుకి ముందే ఖాళీ చేస్తే అడ్వాన్స్‌లో కోత పెడతామని అగ్రిమెంట్‌లో రాసుంది, సంతకం పెట్టిందీ నేనే.

ఇల్లు వెతికేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, అడ్వాన్స్ ఇచ్చేముందు వారాంతంలో ఒకసారి రాత్రి పదకొండింటికి వెళ్లి, బెడ్‌రూమ్ కిటికీ మూసి, పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. పక్క ఫ్లాట్ వాళ్లని అడగండి, ఓనర్‌ని కాదు. రాత్రి ఇల్లు చూస్తానంటే బ్రోకర్లు నవ్వుతారు, నవ్వనీయండి.

మీకూ ఒక విన్నపం. ప్రకటన ఇచ్చేవాళ్లు నింపే ఫారంలో ‘బెడ్‌రూమ్ కిటికీ ఎటువైపు? వీధికా, వెనక్కా?’ అని ఒక గడి పెట్టండి. అది ఖాళీగా వదిలేసినవాళ్లకి ఫోన్ చెయ్యాలో వద్దో మేం చూసుకుంటాం.

– మీ పాఠకురాలు