ఖాళీ ఫిల్టర్ మీద నీలం పోగు

సంపాదకులకు నమస్కారం.

కోవిడ్ కాలంలో పారేసిన మాస్కులు, గ్లౌజుల నుంచి ఎక్కడెక్కడ మైక్రోప్లాస్టిక్ (కంటికి ఆనని ప్లాస్టిక్ ముక్కలు, పోగులు) పేరుకుంటుందో మెషీన్ లెర్నింగ్, అంటే పాత లెక్కలు చూసి నేర్చుకునే కంప్యూటర్ మోడల్, ముందే చెప్పేస్తుందన్న కథనం మీ పత్రికలో చదివాను. నీటి నమూనాల్లో ప్లాస్టిక్ పోగులు లెక్కపెట్టడం నా ఉద్యోగం. ఆ యంత్రానికి మేత వేసేది మాలాంటివాళ్లమే కాబట్టి ఈ ఉత్తరం.

2020లో ఒకరోజు మైక్రోస్కోపు కింద, నది నీళ్లు వడకట్టిన ఫిల్టర్ మీద ఆరు నీలం పోగులు కనిపించాయి. కాల్చిన సూది దగ్గర పెడితే ముడుచుకున్నాయి. నూలు పోగులైతే అలా ముడుచుకోవు. ప్లాస్టిక్కేనని సంబరంగా రాసుకున్నాను. ఆ పక్కనే ఖాళీ ఫిల్టర్ ఒకటి ఉంటుంది. దాని మీద శుద్ధమైన నీళ్లు తప్ప ఏమీ పోయం. మా గదిలోంచి ఎంత చెత్త పడుతోందో తెలియడానికే అది. చూద్దును కదా, దాని మీదా అవే నీలం పోగులు, నాలుగు! నా మూతికున్న మాస్కువే. ఆ ఖాళీ ఫిల్టర్ పెట్టుకోకపోతే నా మాస్కు కాస్తా నది ఖాతాలో పడేది, అక్కణ్నుంచి ఎవరి మోడల్లోకో వెళ్లేది.

దీనికి తలకిందుల తప్పు కూడా ఉంది. నీటి మీద తేలే ప్లాస్టిక్‌ని పట్టే వలల కన్ను చాలావరకు 300 మైక్రాన్లు, ఆపైన (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). సర్జికల్ మాస్కు మధ్య పొరలోని పాలీప్రొపిలీన్ పోగు మందం కొద్ది మైక్రాన్లే. వలలో ఆగేదెన్ని? ఒక మాస్కుని 180 గంటలు అతినీలలోహిత కాంతిలో ఉంచి, ఉప్పునీటిలో గట్టిగా తిప్పితే రోజుకు 1,73,000 దాకా పోగులు వదలగలదని ఇటలీ పరిశోధకులు 2021లో చెప్పారు. వల లెక్కలు మాత్రమే చూసి నేర్చుకున్న యంత్రం ఆ నీళ్లను శుభ్రమనే అంటుంది. పాపం, దాని తప్పేముంది?

పోగు దొరికినా అది మాస్కుదేనని చెప్పడం కష్టం. పోగు మీద కాంతి వేసి అది ఏ ప్లాస్టిక్కో చెప్పే స్పెక్ట్రోమీటర్ పాలీప్రొపిలీన్ అంటుంది, అంతే. తాళ్లూ గోతాలూ కూడా అదే ప్లాస్టిక్.

ఇక కోవిడ్ కాలంలో ప్రపంచం నెలకు 12,900 కోట్ల మాస్కులు వాడిందన్న అంకె. ఇటలీ అవసరానికి వేసిన అంచనాని ప్రపంచ జనాభాకి హెచ్చవేస్తే వచ్చింది అది. ఎవరూ లెక్కపెట్టింది కాదు. 193 దేశాల మీద 2021లో వచ్చిన మరో అధ్యయనం, మహమ్మారి ప్లాస్టిక్ చెత్తలో అత్యధికం ఆసుపత్రులదేనని తేల్చింది. ఫొటోలు మాత్రం రోడ్డు మీది మాస్కులకే పడతాయి!

మోడళ్లు వద్దనను. స్పెక్ట్రోమీటర్ గీసే స్పెక్ట్రాలు పోల్చే పనిలో అవి నాకు గంటలకు గంటలు మిగిల్చాయి, కళ్లు కూడా. తర్వాతి నమూనా ఎక్కడ తీయాలో సూచించడానికీ పనికొస్తాయి. కానీ చూసిన అంకెల సగటుతో జవాబిచ్చే రాండమ్ ఫారెస్ట్ లాంటి మోడల్ తాను చూసిన అతిపెద్ద అంకెని మించి జవాబివ్వలేదు. మహమ్మారి వచ్చిందంటేనే మునుపెన్నడూ చూడని అంకెలు వచ్చాయని కదా.

మళ్లీ ఇలాంటి కథనం వేసేటప్పుడు ఆ పరిశోధకుల్ని రెండు అడగండి: వల కన్ను ఎంత, ఖాళీ ఫిల్టర్ మీద ఎన్ని పోగులు పడ్డాయి. ఆ రెండంకెలూ ప్లాస్టిక్ ఎక్కడుందో చూపే రంగుల మ్యాపు కిందే అచ్చు వేయండి. ఆ రోజు నా లెక్క ఆరులోంచి నాలుగు పోయి రెండుకి దిగింది.

ఇట్లు,
నీటి పరీక్షల ల్యాబ్ టెక్నీషియన్