స్కోరు ఒక్కటే వేస్తే సీజన్ అర్థం కాదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ వార్త మన క్రీడా పేజీల్లో ఏటా జనవరిలో ఒకసారి కనబడి మాయమవుతుంది. ఫలానా యూనివర్సిటీ ఫలానా స్కోరుతో టైటిల్ గెలిచిందని నాలుగు లైన్లు వేస్తారు, అంతే. వాటిలోనూ టచ్‌డౌన్‌ని ‘గోల్’ అని రాసిన సందర్భాలున్నాయి. బంతిని ఎదుటివాళ్ల గీత దాటించడమే టచ్‌డౌన్, దానికి 6 పాయింట్లు. కర్రల మధ్య నుంచి తన్నే ఫీల్డ్ గోల్‌కి 3. రెండూ ఒకటే అన్నట్టు రాస్తే మ్యాచ్ ఎటు మలుపు తిరిగిందో పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

ఒహాయో స్టేట్ జట్టు 2024 సీజన్‌నే తీసుకోండి. 14 గెలుపులు, 2 ఓటములు, 2025 జనవరి 20న అట్లాంటాలో నోటర్‌డామ్ మీద 34-23తో టైటిల్. చూడ్డానికి నల్లేరు మీద నడకలా ఉంటుంది. నిజానికి నవంబర్ 30 సాయంత్రానికి ఈ జట్టు పని అయిపోయిందనే చాలామంది అనుకున్నారు.

మొదటి ఓటమి అక్టోబర్ 12న, ఒరెగాన్ చేతిలో 32-31. ఆఖరి 10 సెకన్లలో ఒరెగాన్ 11 మందికి బదులు 12 మందిని డిఫెన్స్‌లో నిలబెట్టింది. దానికి పెనాల్టీ 5 గజాలే. కానీ ఆ ఆటలో కరిగిపోయిన 4 సెకన్లు ఒహాయో స్టేట్‌కి తిరిగి రాలేదు. మిగిలిన 6 సెకన్లలో క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపేవాడు) విల్ హోవర్డ్ బంతి పట్టుకుని పరుగెత్తి నేల మీదికి జారేసరికి గడియారం సున్నాకొచ్చింది. ఫీల్డ్ గోల్ తన్నే అవకాశమే లేకపోయింది. కొద్ది రోజుల్లోనే కాలేజీ క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ ఈ సందు మూసేసింది. ఒక్కో హాఫ్ చివరి రెండు నిమిషాల్లో ఇలా జరిగితే, నష్టపోయిన జట్టు కోరితే గడియారాన్ని వెనక్కి తిప్పుతారు.

ఆ రోజు పాయింటు కంటే పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే ముందు వరుస అయిదుగురిలో ఎడమ అంచున నిలబడే లెఫ్ట్ టాకిల్ జోష్ సిమన్స్ మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్ బంతి విసరడానికి పక్కకి తిరిగి నిలబడతాడు. అప్పుడు ఎడమవైపు నుంచి, వీపు వెనక నుంచి దూసుకొచ్చేవాడు అతనికి కనబడడు. వాణ్ణి ఆపేది లెఫ్ట్ టాకిలే. చివరికి ఆ స్థానంలోకి లెఫ్ట్ గార్డ్ డొనోవన్ జాక్సన్‌ని జరిపారు. పక్క స్థానమే కదా అనిపిస్తుంది, కానీ పని పూర్తిగా వేరు. గార్డ్‌కి అటూ ఇటూ మనుషులుంటారు, ఎదురుగా వచ్చే బరువైన ఆటగాణ్ణి భుజబలంతో ఆపితే చాలు. టాకిల్ అంచున ఒంటరిగా నిలబడి, వెనక్కి పక్కడుగులు వేస్తూ, తనకంటే వేగంగా చుట్టూ తిరిగొచ్చేవాణ్ణి అడ్డుకోవాలి. అడుగు ఒక్క క్షణం ఆలస్యమైతే క్వార్టర్‌బ్యాక్ నేల మీద ఉంటాడు.

అది సర్దుకుంటుండగా నవంబర్‌లో ప్రాక్టీస్‌లో సెంటర్ సెత్ మెక్‌లాగ్లిన్ మడమ దగ్గర అకిలిస్ స్నాయువు తెగింది. బంతిని కాళ్ల మధ్య నుంచి వెనక్కి అందించేదీ, ఎదుటి వరుసను చదివి ఎవరు ఎవర్ని అడ్డుకోవాలో కేకేసి చెప్పేదీ సెంటరే. అంటే అయిదుగురి వరుసలో రెండు కీలకమైన చోట్లు మారిపోయాయి. ఆ స్థితిలో నవంబర్ 30న సొంత మైదానంలో మిషిగన్‌తో ఆడారు. మిషిగన్ బలమంతా డిఫెన్స్ వరుస నడుమ నిలబడే ఇద్దరు డిఫెన్సివ్ టాకిల్స్‌లో ఉంది. ఒహాయో స్టేట్ మాత్రం పదేపదే ఆ నడుమ నుంచే బంతిని తోసింది. మ్యాచ్ మొత్తం మీద పరుగుతో వచ్చినవి 77 గజాలు. రెండు ఫీల్డ్ గోల్స్ తప్పాయి, హోవర్డ్ పాసులు రెండు ఎదుటివాళ్ల చేతిలో పడ్డాయి. 13-10తో ఓటమి. ఇది దెబ్బల వల్ల వచ్చిన ఓటమి కాదు, పట్టుదల కొద్దీ చేజేతులా తెచ్చుకున్నదని మా అభిప్రాయం. బయట వేగంగా పరుగెత్తి పాసులందుకునే రిసీవర్లున్న జట్టు గోడకి తల బాదుకోవాల్సిన అవసరం లేదు.

2023 దాకా టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌లో నాలుగే జట్లు. 2024 నుంచి 12. పాత పద్ధతైతే రెండు ఓటములతో కథ దాదాపు అక్కడే ముగిసేది. ఈసారి 8వ స్థానంలో చోటు దొరికింది. ప్లేఆఫ్‌లో బంతిని ముందుగానే, దూరంగా విసరడం మొదలుపెట్టారు. టెనెసీ మీద 42-17, రోజ్ బౌల్ అనే క్వార్టర్‌ఫైనల్‌లో అదే ఒరెగాన్ మీద ఒక దశలో 34-0 ఆధిక్యంతో 41-21. టెక్సస్‌తో సెమీఫైనల్‌లో 21-14తో ముందున్నప్పుడు ప్రత్యర్థి గీతకి ఒక్క గజం దూరంలో నిలబడింది. ఈ ఆటలో 10 గజాలు ముందుకెళ్లడానికో, గీత దాటడానికో జట్టుకి నాలుగు ప్రయత్నాలుంటాయి. మొదటిసారి నేరుగా తోసినా లాభం లేకపోవడంతో టెక్సస్ రెండో ప్రయత్నంలో బంతిని పక్కకి విసిరి 7 గజాలు పోగొట్టుకుంది. నాలుగో ప్రయత్నంలో జాక్ సాయర్ క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచి బంతి రాల్పించి, తనే అందుకుని 83 గజాలు పరుగెత్తాడు. 28-14.

ఫైనల్లో లెక్కలు ఇంకా ఆసక్తికరం. 31-7తో వెనకబడిన నోటర్‌డామ్ టచ్‌డౌన్‌తో పాటు, దాని తర్వాత దొరికే అదనపు ప్రయత్నంలో రెండు పాయింట్లూ సాధించి 31-15 చేసింది. తర్వాత 9 గజాల దూరంలో నాలుగో ప్రయత్నం మిగిలింది. వాళ్లు ఫీల్డ్ గోల్ తన్నారు, బంతి కర్రకి తగిలి బయటపడింది. లోపల పడినా ప్రయోజనం తక్కువే. తేడా 16 అయినా 13 అయినా రెండు టచ్‌డౌన్లు కావాల్సిందే. ఆ తర్వాత 31-23 అయింది. 8 పాయింట్ల తేడా అంటే టచ్‌డౌన్, అదనపు రెండు పాయింట్లు కలిపి ఒక్క దెబ్బలో సమం కావచ్చు. అప్పుడు ఒహాయో స్టేట్‌కి మూడో ప్రయత్నం, 11 గజాలు కావాలి. హోవర్డ్ విసిరిన పొడవాటి బంతిని మొదటి ఏడాది విద్యార్థి జెరెమియా స్మిత్ అందుకున్నాడు, 56 గజాలు. ఆపైన తన్నిన ఫీల్డ్ గోల్‌తో తేడా 11 అయింది, అంటే ఇక ఒక్క దెబ్బ చాలదు.

అందుకే మా విన్నపం. వచ్చే సీజన్‌లో వారానికొకసారి, సోమవారం సంచికలో పావు కాలమ్ కేటాయించండి. స్కోరు పక్కన జట్టు గెలుపోటములు, మ్యాచ్ ఎవరి మైదానంలో జరిగింది, ముందు వరుస అయిదుగురిలో ఎవరు లేరు, ఇవి వేయండి. నాలుగో ప్రయత్నంలో ఎన్ని గజాలు మిగిలితే ఏ నిర్ణయం తీసుకున్నారో కనీసం ఒక్కటైనా చెప్పండి. యార్డు అనక్కర్లేదు, గజమంటే మనవాళ్లకి చక్కగా తెలుసు.

ఇట్లు,
కాలేజీ ఫుట్‌బాల్‌ని క్రమం తప్పకుండా చూసే పాఠకులు