పిల్లలకు కూడా బీపీ చూపిద్దాం

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల బడిలో పిల్లల ఎత్తు, బరువు చూశాం. ఈసారి బీపీ కూడా చూస్తామంటే ఒక తల్లి "గింత పిల్లగానికి బీపీ ఏంది మేడం?" అని అడిగారు. చాలామందికి ఈ అనుమానం ఉంటుంది కాబట్టి ఈ నెల దాని గురించే రాస్తున్నాను.

ఒంట్లో కొవ్వు, ముఖ్యంగా పొట్ట దగ్గర, పెరిగేకొద్దీ గుండె మీద పని పెరుగుతుంది. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువై, కిడ్నీలు ఉప్పును బయటికి పంపకుండా ఆపేస్తాయి. ఉప్పుతో పాటు నీరూ నిలుస్తుంది, రక్తనాళాల మీద ఒత్తిడి పెరుగుతుంది. పైకి మాత్రం ఏమీ కనిపించదు. పిల్లవాడు రోజూలాగే ఆడుకుంటాడు. కొలిస్తేనే తెలుస్తుంది. బొద్దుగా ఉన్న ప్రతి బిడ్డకూ బీపీ ఉంటుందని కాదు, సన్నగా ఉన్నవాళ్లకు రాదనీ కాదు.

13 ఏళ్లు నిండినవాళ్లకు 130/80, ఆపైన ఉంటే ఎక్కువే. అంతకన్నా చిన్నవాళ్లకు వయసు, ఎత్తు, ఆడా మగా చూసి డాక్టరే చెప్పాలి. ఇంట్లో తాతయ్య మిషన్‌తో చూసి టెన్షన్ పడకండి. లావు చేతికి చిన్న పట్టీ కడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. ఒక్కసారి ఎక్కువ వచ్చినా, వేరే రోజుల్లో మళ్లీ చూశాకే తేలుతుంది.

తిండి విషయానికొస్తే, సంక్రాంతి సకినాలతో గొడవ లేదు. రోజూ సాయంత్రం చిప్స్ ప్యాకెట్, కూల్‌డ్రింక్‌తోనే నా భయం. పెద్దలకే రోజుకు 5 గ్రాముల లోపు, అంటే చెంచాడుకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలకు ఇంకా తక్కువ చాలు. తొక్కు, అప్పడం కూడా ఆ లెక్కలోవే. డబ్బాలో ఉడకబెట్టిన మక్కకంకి, పల్లీలు, జామకాయ పెట్టండి. పిల్లవాడికి ఒక్కడికే వేరే వంట పెట్టి మిగతావాళ్లు బజ్జీలు తింటే వాడి మనసు చిన్నబోతుంది. ఇల్లంతా మారాలి.

బరువు గురించి ఎగతాళి అస్సలు వద్దు. ఆరో తరగతి పాప ఒకతి ఎవరో ఏదో అన్నారని రెండు రోజులు మధ్యాహ్నం డబ్బా తెరవలేదు. ఆ ముఖం నేను మరచిపోలేను.

పిల్లలకు రోజుకు గంట సేపు చెమట పట్టేలా ఆట కావాలి. నిరుడు పదో తరగతి ఆటల పీరియడ్‌ను లెక్కలకు ఇవ్వడం నా నిర్ణయం, అది తప్పు. ఈ నెల నుంచి ఆ పీరియడ్ ఆటలకే. మీరూ సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద నడకకు వెళ్తే పిల్లల్ని వెంటబెట్టుకెళ్లండి.

వచ్చే శనివారం డాక్టర్ గారు బడికి వస్తున్నారు. మీకు సమ్మతమైతే డైరీలో సంతకం చేసి పంపండి. ఇంట్లో ఎవరికైనా బీపీ ఉన్నా, మీ బిడ్డ రాత్రిళ్లు గురక పెడుతున్నా అది కూడా రాయండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు, హనుమకొండ