మీ పతకాల వెనక కథ కావాలి నాన్నగారూ

లండన్

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గిందని తమ్ముడు చెప్పాడు, సంతోషం. ఫోన్‌లో అడిగితే మీరు "అవన్నీ ఎప్పటి సంగతులో అమ్మా" అని మాట మార్చేస్తారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మీతో ఒక పని ఉంది. అది చెప్పేముందు ఒక కుర్రాడి గురించి చెప్పాలి.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తరఫున యుద్ధ విమానం నడిపిన ఇంద్రలాల్ రాయ్ పేరు మీరు వినే ఉంటారు. సెలవులకు ఫ్రాన్స్ వెళ్ళినప్పుడు లీల్ నగరానికి దగ్గర్లో ఎస్తెవెల్ అనే చిన్న ఊళ్ళో ఆయన సమాధి చూశాం. ఊరి శ్మశానమే అది, పెద్ద సైనిక స్మారకం కాదు. చుట్టూ ఫ్రెంచి పేర్లు, మధ్యలో ఒక రాయి మీద బెంగాలీ అక్షరాలు. ఇది మహావీరుడి సమాధి, గౌరవించండి, తాకకండి అని దాని అర్థమట. పిల్లలు కూడా మాట్లాడకుండా నిలబడ్డారు. చనిపోయేనాటికి ఆయన వయసు 19 అని చెబితే పెద్దాడు నమ్మలేదు.

1898 డిసెంబర్ 2న కలకత్తాలో పుట్టాడు. తండ్రి బారిస్టరు. చదువు ఇక్కడే, లండన్‌లోని సెయింట్ పాల్స్ స్కూల్లో. అమ్మకు ఈ మాట చెప్పండి: ఆయన తల్లి లలితా రాయ్ 1911లో ఇక్కడ ఆడవాళ్ళు ఓటుహక్కు కోసం చేసిన ఊరేగింపులో చీర కట్టుకుని నడిచిన మనిషి. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. ఆ ఇంట్లో పెరిగిన పిల్లవాడు వెనక్కి తగ్గకపోవడంలో వింత లేదనిపించింది నాకు. అప్పటి బ్రిటిష్ సైన్యపు విమాన విభాగం రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరబోతే చూపు సరిగా లేదని మొదట తిప్పి పంపేశారట. మోటార్ సైకిల్ అమ్మి, ఆ డబ్బుతో పేరున్న కంటి డాక్టరు దగ్గర మళ్ళీ పరీక్ష చేయించుకుని నెగ్గాడని చెబుతారు.

1917 చివర్లో 56వ స్క్వాడ్రన్‌లో, అంటే విమాన దళంలో, చేరాడు. డిసెంబర్ 6న ఆయన ఎస్.ఈ.5ఏ విమానం దిగుతూ కూలింది. చనిపోయాడనుకుని శవాల గదిలో పెట్టారని, తెలివొచ్చి తలుపు బాదితే అక్కడివాళ్ళు హడలిపోయారని ఒక కథ ఉంది. తర్వాత విమానం నడపడానికి పనికిరాడన్నారు. ఆ ఖాళీ రోజుల్లో విమానాల బొమ్మలు వేసుకుంటూ, పట్టుబట్టి మళ్ళీ అనుమతి తెచ్చుకుని, 1918 జూన్‌లో 40వ స్క్వాడ్రన్‌కు వచ్చాడు. అక్కడ జార్జ్ మెకెల్‌రాయ్ అనే ఐరిష్ పైలట్ చేతికింద పని నేర్చుకున్నాడు. ఆ తర్వాత జరిగింది చూడండి. జులై 6న మొదటి విమానం కూల్చాడు. 8న నాలుగు గంటల వ్యవధిలో మూడు. 13న రెండు, 15న రెండు, 18న ఒకటి, 19న ఒకటి. మొత్తం పది, వాటిలో రెండు తోటివాళ్ళతో కలిసి కూల్చినవి. 22న కార్వాన్ పట్టణం మీద జర్మన్ ఫోకర్ విమానాలతో పోరాడుతూ మంటల్లో పడిపోయాడు. నేర్పిన మెకెల్‌రాయ్ కూడా ఆ నెల 31న పోయాడు.

సెప్టెంబర్ 21న ఇక్కడి ప్రభుత్వ పత్రిక లండన్ గెజిట్‌లో ఆయనకు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అనే శౌర్య పతకం ప్రకటించారు. ఆ పతకం అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. పతకం కూడా అప్పటికి కొత్తదే, 1918 జూన్ 3న పెట్టారు. బ్రిటన్ వాయుసేన రాయల్ ఎయిర్ ఫోర్స్ ఏర్పడి అప్పటికి రెండు నెలలే అయింది. తొలి రోజుల్లో దాని రిబ్బను మీద ఊదా, తెలుపు గీతలు అడ్డంగా ఉండేవి, మరుసటేడు ఏటవాలుగా మార్చారు. 13 రోజుల్లో 9 శత్రు విమానాలను పడగొట్టిన ధీరుడైన అధికారి అని ప్రశంసాపత్రంలో ఉంది. లెక్క పది కదా అని మీకు సందేహం వస్తుందని నాకు తెలుసు. గెజిట్‌లో మాత్రం తొమ్మిదే.

నన్ను పట్టుకున్న విషయం ఇది నాన్నగారూ. ఆ రోజుల్లో ఇచ్చిన ఆ క్రాస్ మీద ఎవరి పేరూ చెక్కేవాళ్ళు కాదు. చేతిలో పెట్టి చూపిస్తే ఎవరిదో చెప్పలేం. అది ఇంద్రలాల్ రాయ్‌ది అని చెప్పేది కాగితాలే. పైలట్ కిందికి దిగగానే ఏ టైముకు, ఎక్కడ, ఎంత ఎత్తున, ఏం జరిగిందో కంబాట్ రిపోర్టు రాసివ్వాలి. ఆ కాలపు అధికారుల సర్వీసు రికార్డులు ఇక్కడ లండన్‌లో క్యూ అనే చోటున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎవరైనా చూడొచ్చు. వందేళ్ళు దాటినా ఆ రెండు వారాలను మనం తేదీలవారీగా చెప్పుకోగలుగుతున్నామంటే అందుకే. మరి ఆ ఎస్.ఈ.5ఏ రెక్కల గుడ్డకు పడ్డ తూట్లు మూసి, ఇంజన్ సిద్ధం చేసి, తెల్లారేసరికి విమానాన్ని మళ్ళీ ఎగరనిచ్చినవాళ్ళు ఎవరు? నేను చదివిన వాటిలో ఒక్కరి పేరు కూడా కనిపించలేదు. చదువుతున్నంతసేపూ నాకు మీరే గుర్తొచ్చారు.

తాంబరంలో శిక్షణ, వాయుసేనలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్ (విమానం బాడీ, రెక్కలు బాగుచేసే పని), 20 ఏళ్ళ సర్వీసు, సార్జెంట్‌గా రిటైర్‌మెంట్. మీ గురించి నాకు తెలిసింది ఇంతే. 1971 డిసెంబర్ 3 సాయంత్రం పఠాన్‌కోట్ విమాన స్థావరం మీద పాకిస్తాన్ బాంబులు పడ్డప్పుడు మీరు అక్కడే ఉన్నారు. "ట్రెంచ్‌లో పడుకున్నాం, తర్వాత లేచి పనిలో పడ్డాం" అని ఒకే ఒక్కసారి అన్నారు, అంతటితో ఆపేశారు. ఆ పని ఏమిటి నాన్నగారూ? ఆ రాత్రి హంటర్ యుద్ధ విమానాలను ఎలా సిద్ధం చేశారు? చీకట్లో, డిసెంబర్ చలిలో, ఏ వెలుతురులో రివెట్లు కొట్టారు? పక్కన ఎవరున్నారు? బీరువాలో ఆ యుద్ధానికి ఇచ్చిన పశ్చిమీ స్టార్ ఉంది, సంగ్రామ్ మెడల్ ఉంది, స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్ళయినప్పుడు ఇచ్చిన మెడల్, లాంగ్ సర్వీస్ మెడల్స్ ఉన్నాయి. అంచుల మీద మీ నంబరు, పేరు ఉన్నాయి. రాయ్ పతకానికి పేరు లేదు గానీ కథ ఉంది. మీ పతకాలకు పేరుంది, కథ మాత్రం మీ ఒక్కరి దగ్గరే ఉంది.

హైదరాబాద్ పిన్నికి చెప్పడానికి ఇంకో సంగతి. ఇక్కడ హెండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో డీహెచ్.9ఏ అనే పాత బాంబర్ ఉంది, నంబరు ఎఫ్1010. మొదటి ప్రపంచ యుద్ధంలో 110వ స్క్వాడ్రన్‌కు నిజాం నవాబు డబ్బిచ్చి కొనిపెట్టిన విమానాల్లో ఒకటి. ఆయన కానుక అని వాటి మీద రాసి ఉండేది, స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరే పెట్టారు. 1918 అక్టోబర్ 5న జర్మనీలో దిగిపోవాల్సి వచ్చి, అందులోని ఇద్దరూ బందీలయ్యారు. విమానం బెర్లిన్ మ్యూజియానికి, అక్కడి నుంచి పోలండ్‌లోని క్రాకవ్‌కు చేరింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం ఇచ్చి దీన్ని తెచ్చుకున్నారు. మన ఊళ్ళ శిస్తు డబ్బు కూడా ఎంతో కొంత ఆ రెక్కల్లో ఉండి ఉంటుంది కదా అనుకుంటూ చాలాసేపు చూశాను.

ఇక అసలు పని. ఇంద్రలాల్ రాయ్‌కు మేనల్లుడి వరస అయ్యేవాడే సుబ్రతో ముఖర్జీ, 1954లో మన వాయుసేనకు అధిపతి అయిన మొదటి భారతీయుడు. రాయ్ పోయేనాటికి ఆయనకు ఏడేళ్ళు. ఢిల్లీలో ఆయన పేరున్న సుబ్రతో పార్కులోనే కదా మీ ఎయిర్‌మెన్ ఫైళ్ళుండే రికార్డ్ ఆఫీసు! మీ సర్వీసు వివరాల కోసం అక్కడికి ఒక అర్జీ పెట్టండి. తమ్ముడు టైప్ చేసి తెస్తాడు, మీరు సంతకం పెడితే చాలు. మీ డిశ్చార్జ్ బుక్కు ప్రతి పేజీ, ఖాళీగా ఉన్నవి కూడా, వాడితో ఫొటో తీయించి నాకు పంపించండి. ఏ ఏడాది ఏ స్టేషన్, ఏ స్క్వాడ్రన్, ఏ విమానం మీద పనిచేశారో నేను ఒక వరసలో పెడతాను. ఫైల్లో దొరకనివి మీరు చెప్పాలి. మీతో పనిచేసినవాళ్ళ పేర్లు ముందు రాయండి, ఎందుకంటే వాళ్ళ పిల్లలకు కూడా ఇవేవీ తెలిసి ఉండవు. సంక్రాంతికి వచ్చినప్పుడు నేను పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసుకుంటాను. హిందీలో చెప్పినా, తెలుగులో చెప్పినా, మీ ఎయిర్ ఫోర్స్ భాషలో చెప్పినా ఫరవాలేదు.

మరో మాట. పతకాలను బ్రాసో పాలిష్ పెట్టి రుద్దవద్దని అమ్మతో చెప్పండి. రుద్దేకొద్దీ అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి. మెత్తని పొడిగుడ్డతో తుడిచి, విడివిడిగా కాగితంలో చుట్టి పెడితే చాలు. మీ ఆగస్టు 15 పరేడ్‌కు పెట్టుకోవాలంటే రిబ్బన్లు కొత్తవి తెప్పిస్తాను, పాతవి మాత్రం పారేయకండి.

బీపీ మాత్రలు మానవద్దు. అమ్మకు నా నమస్కారాలు, తమ్ముడికి, మరదలికి ఆశీస్సులు. పిల్లలు మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నారు. జవాబు మీ చేతిరాతతోనే రాయండి.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి