మంత్రిగారూ, కడిగేసిన గుండిగలో ఏం దొరుకుతుంది?

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం.

గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్లలో పిల్లలకు వాంతులు, విరేచనాలు అయినప్పుడల్లా విచారణకు ఆదేశిస్తున్నారు. చాలాసార్లు కారణం తేలకుండానే ఫైలు మూతపడుతోంది. ఎందుకు తేలడం లేదో వినతిపత్రాల్లో రాసిచ్చాం. రసీదు మీద ముద్ర పడింది, జవాబు మాత్రం రాలేదు. ఇంకేం చేయాలో తోచక అందరి ముందూ రాస్తున్నాం.

రాత్రి ఏడున్నరకు భోజనం, పదింటికి వాంతులు మొదలు. పిల్లల్ని 108లో ఎక్కించే హడావిడిలోనే ఎవరో మిగిలిన కూర పారబోసి గుండిగలు తోమేస్తారు. భయంతో చేసే పని అది. మర్నాడు ఫుడ్ సేఫ్టీ అధికారి వచ్చేసరికి స్టోర్ రూంలో ఉండేది మూట విప్పని బియ్యం, సీలు తీయని నూనె ప్యాకెట్, కందిపప్పు. వాటినే ల్యాబ్‌కు పంపుతారు. చట్టప్రకారం 14 రోజుల్లో రిపోర్టు రావాలి. పప్పు బాగుందని వస్తుంది. అది నిజమే అయ్యా, కానీ పిల్లలు తిన్నది ఆ పప్పు కాదు.

మధ్యాహ్నం వండిన అన్నం రాత్రిదాకా మూతపెట్టి గుండిగలోనే ఉంచితే బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి పెరుగుతుంది. దాని బీజాలు ఉడికినా చావవు, వాంతులు తెప్పించే దాని విషం మళ్లీ వేడిచేసినా పోదు. వడ్డించే చేతికి చీముపుండు ఉంటే స్టెఫైలోకోకస్ అనే క్రిమి అన్నంలోకి చేరుతుంది. ఈ రెండింటికీ తిన్న ఆరు గంటల్లోపే వాంతులు మొదలవుతాయి. పెద్ద గుండిగలో మెల్లగా చల్లారిన మాంసం కూరలో పెరిగే క్లాస్ట్రిడియం అనే క్రిమి అయితే 8 నుంచి 16 గంటలకు కడుపునొప్పి, విరేచనాలు. అంటే ఏ పూట ఏం తిన్నారు, ఎన్నింటికి మొదలైంది అన్న రెండు సంగతులతోనే సగం జాడ తెలుస్తుంది. అది ఆ రాత్రే రాసుకోవాలి, జబ్బుపడని పిల్లలు ఏం తిన్నారో కూడా. మూడోరోజుకు సగంమంది ఇళ్లకు వెళ్లిపోతారు, మిగిలినవాళ్లకు గుర్తుండదు.

మేం అడిగేది ఒక డబ్బా. ప్రతి పూటా, ప్రతి వంటకం నుంచి 150 గ్రాములు, మరిగించిన గంటెతో, మరిగించిన మూతడబ్బాలోకి తీసి, తేదీ, పూట రాసిన చీటీ అంటించి, ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు 48 గంటలు ఉంచమనండి. వండిన వెంటనే కాదు, వడ్డన సగంలో తీయాలి, ఎందుకంటే దించాక, వడ్డించేటప్పుడు అంటుకున్నది కూడా అందులోకి రావాలి. పాడవకుండా ఉంచే ఫార్మలిన్ మందు కలపకూడదు, క్రిమి చస్తే కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్షలో, ఏమీ మొలవదు. విమానాలకు భోజనం పంపే వంటశాలలు ఇలా నమూనా దాస్తాయి. మన పిల్లల వంటశాలలో ఎందుకు దాచకూడదు?

ఆసుపత్రిలోనూ అంతే. యాంటీబయోటిక్ పడకముందే మల నమూనా తీసి కేరీ బ్లెయిర్ ట్యూబులో, అంటే ల్యాబ్‌కు చేరేదాకా క్రిమిని బతికించి ఉంచే ట్యూబులో, వేయాలి. ఒక్క డోసు పడ్డాక క్రిమి దొరకడం కష్టం. ఆ ట్యూబులు ప్రతి పీహెచ్‌సీలో ఉన్నాయో లేదో దయచేసి లెక్క తీయించండి. హాస్టల్ ట్యాంకులో బ్లీచింగ్ వేశాక అరగంట ఆగి, కొళాయి దగ్గర క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉందో లేదో రోజూ చూసి రాయించండి. మూత తెరిచి పెట్టిన బ్లీచింగ్ పొడిలో సత్తువ ఉండదు, ఎంత వేసినా ఒకటే.

2024 అక్టోబరులో పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించారు. ఒక్క ఉత్తర్వుతో అయిన పని. ఇదీ ఒక్క ఉత్తర్వే. వానలు మొదలయ్యేలోపు ఇవ్వండి. ఈసారైనా జవాబు ఇవ్వండి.