నా సీసాలు నాకిచ్చెయ్‌రా

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు రాయనిది బద్ధకంతో కాదు, టమాటాల వల్ల. నవ్వకు.

ఈ వేసవి పేరుకే వేసవి. పగలు మబ్బు, రాత్రి దుప్పటి. పెరట్లో కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి గానీ పండమంటే ఒక్కటీ పండదు. టమాటాకు ఎరుపు బాగా పట్టాలంటే 20 నుంచి 25 డిగ్రీల వెచ్చదనం కావాలి. మాకు అదే కరువు.

మామూలు ఏడాదైతే పంటంతా ఒక్కసారే మీద పడేది. ఒక ఆదివారం కూర్చుని సీసాలు నింపేస్తే గొడవ వదిలేది. ఈసారి రోజుకు నాలుగు కాయలు! నాలుగు కాయల కోసం పొయ్యి మీదికి పెద్ద గిన్నె ఎక్కిస్తామా? అందుకే పండినవి పండినట్టు కడిగి, తుడిచి, కొయ్యకుండానే ఫ్రీజర్‌లో పడేస్తున్నా. గోలీల్లా గట్టిపడి సంచిలో టకటకలాడుతుంటాయి. తీసి కుళాయి కింద పెడితే తొక్క దానంతటదే ఊడొస్తుంది. కరిగితే మెత్తబడిపోతాయి, ఉడికించడానికి తప్ప దేనికీ పనికిరావు. మూడు కిలోలు పోగయ్యాక ఒక్కసారి వండుతున్నా.

మొదట్లో ఓ తెలివితక్కువ పని చేశాలే. పచ్చికాయలు పాడవకుండా ఉంటాయని ఫ్రిజ్‌లో పెట్టా. రెండు వారాలైనా రంగు మారలేదు. బయటికి తీశాక పండకుండానే మచ్చలు పడి కుళ్లాయి. పచ్చి టమాటా 12 డిగ్రీల కంటే చల్లటి చోట ఎక్కువ రోజులుంటే అంతేనట. ఇప్పుడు అడుగున కాస్త ఎరుపు తొంగిచూడగానే దోరగా ఉన్నప్పుడే కోసేసి, అట్టపెట్టెలో ఒకదానికొకటి తగలకుండా పరిచి మాగబెడుతున్నా. మధ్యలో ఒక పండిన ఆపిల్. అది వదిలే ఇథిలీన్ వాయువు పక్కవాటిని తొందరపెడుతుంది. ఎండ తగలాలని ఇన్నాళ్లూ కిటికీ గట్టు మీద వరుసగా పేర్చేవాణ్ని కదా, వెలుతురుతో పనే లేదు, వెచ్చటి గది చాలు.

సీసాల్లోకి ఎక్కించేటప్పుడు మాత్రం చాదస్తంగా ఉంటా, నువ్వు ఎంత వెక్కిరించినా సరే. అర లీటరు సీసాకు ఒక టేబుల్ స్పూను నిమ్మరసం, అదీ కొన్న సీసాలోది, దాని పులుపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కాబట్టి. టమాటా పీహెచ్ 4.6 దాటిందంటే, అంటే పులుపు చాలకపోతే, బోటులిజం భయం, ప్రాణం తీసే విషాహారం అది. దాన్ని తెచ్చే సూక్ష్మజీవి బీజాలు మరిగే నీళ్లకు చావవు. బీన్స్‌లో అసలు పులుపే లేదు కనక వాటిని సీసాల్లో పెట్టాలంటే ప్రెషర్ క్యానర్ ఉండాల్సిందే, ఆవిరి ఒత్తిడితో మరిగే నీళ్లకంటే ఎక్కువ వేడిచేసే గిన్నె అది. నా దగ్గర అది లేదు. కాబట్టి మరిగే నీళ్లలో 3 నిమిషాలు, వెంటనే ఐసు నీళ్లలో 3 నిమిషాలు, తడి ఆరనిచ్చి ఫ్రీజర్‌లోకి. ఆ మూడు నిమిషాలు కూడా ఎందుకులే అని ఓసారి మానేశా. రెండు నెలల తర్వాత తీస్తే గడ్డి రుచి!

క్యాబేజీ మాత్రం ఈ చల్లదనంలో సుఖంగా ఉంది. కిలోకు 20 గ్రాముల ఉప్పు పట్టించి, దాని నీళ్లలోనే మునిగేట్టు నొక్కిపెట్టా. నిదానంగా పులుస్తోంది.

అసలు సంగతి ప్లమ్ జామ్. పూర్తిగా పండని కాయలో జామ్‌ను గడ్డకట్టించే పెక్టిన్ ఎక్కువ కదా, ఈసారి ఎంత చక్కగా గడ్డకట్టిందో! నాకది తట్టక, పోయినేడు లాగే గంటసేపు ఉడికించి మొదటి విడతను ఇటుక చేశా. రెండోసారి 105 డిగ్రీలు దగ్గరపడగానే ఫ్రీజర్‌లో పెట్టిన ప్లేటు మీద ఒక చుక్క వేసి, వేలితో నెట్టి చూశా. ముడత పడింది, దించేశా. పుల్లపుల్లగా ఉంది, నీకు నచ్చుతుంది.

కాకపోతే పోయడానికి సీసాల్లేవు. పోయినేడు నువ్వు పట్టుకెళ్లిన ఏడు సీసాలు నీ అటక మీదే ఉన్నాయని నాకు తెలుసు. మూతలు నువ్వే ఉంచుకో, వాడిన మూత మళ్లీ గట్టిగా పట్టదు, కొత్తవి తెచ్చుకున్నా. ఆదివారంలోగా తీసుకొస్తే రెండు నిండుగా వెనక్కి వెళ్తాయి.

నీ
నేస్తం