వాలు చెల్కల్లో క్యారెట్: ఉద్యాన అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారం.

వాలు భూములకు తగిన డ్రిప్పర్లు కావాలన్న మా అర్జీలకు జవాబు రానందున, పాలమూరు గుట్టవాలు రైతుల తరఫున ఈ మాట నలుగురి ముందు పెడుతున్నాం.

ఎకరాకు 2 నుంచి 2.5 కిలోల క్యారెట్ విత్తనం చాలు. వాలులో వెదజల్లితే పెద్దవానకు గింజలు కిందికి కొట్టుకుపోతాయి. పైన ఖాళీ, కింద గుంపు. వాలుకు అడ్డంగా బోదెలు తీసి, గింజల్లో ఇసుక కలిపి, సెంటీమీటరు లోతున వరుసల్లో వేయాలి. మొలిచేదాకా, దాదాపు రెండు వారాలు, పైపొర ఆరకూడదు. ఎర్రచెల్క ఆరితే పెచ్చు కడుతుంది, మొలక తలెత్తదు. మామూలు డ్రిప్పుతో కింది వరుసలకే నీళ్లెక్కువ, పై వరుసలు ఎండుతాయి. ఎండిన నేలను ఒక్కసారిగా తడిపితే క్యారెట్ గడ్డ పగులుతుంది. మార్కెట్లో దాన్ని పక్కకు నెడతారు, కూలీల కోసం తెచ్చిన అప్పు మాత్రం రైతు నెత్తినే.

అక్టోబరు విత్తుకు ముందే, ఒత్తిడిని సర్దుకుని పైనా కిందా ఒకేలా నీళ్లిచ్చే డ్రిప్పర్లను వాలు భూములకు రాయితీపై మంజూరు చేయండి. జవాబు రాతపూర్వకంగా ఇవ్వండి.

ఇట్లు,
గుట్టవాలు క్యారెట్ రైతులు